విమానం పక్కన ఫోటో

నందిగామ,
18 నవంబరు 2025.

అమ్మాయ్ సూసన్‌కు,

బాబాయి రాస్తున్నాడు. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్ చేస్తే నీ నంబరు నా ఫోన్లో పడుతుంది. పోలీసులు మళ్ళీ పిలిచి ఏదీ చూపించు అంటే దొరికిపోతాం. పాతవన్నీ తుడిచేశాను. మొన్న శనివారం ఫోను ఛార్జింగుకు పెట్టి ఇంట్లోనే మరిచిపోయి గన్నవరం వచ్చాను కాబట్టి సరిపోయింది. నా మతిమరుపు వల్ల ఇన్నేళ్ళకు ఒక మేలు జరిగింది.

జగ్గయ్యపేట బస్సెక్కితే ముప్పావుగంటలో మీ గుమ్మంలో ఉంటాను. అయినా నేను రావడం లేదు. నువ్వూ ఇటు రావద్దు.

ఎయిర్‌పోర్టులో ఆ గదిలోకి డ్యూటీలో ఉన్న నిన్ను పిలిపించి, నా కెమెరాలో ఉన్న నీ ఫోటోలు చూపించి, "ఈయన నీకు తెలుసా?" అని ఆ ఆఫీసరు అడిగినప్పుడు నువ్వు "తెలీదు సార్" అన్నావు. మంచి పని చేశావు. నేనూ వెంటనే అందుకుని, "విమానాల పిచ్చోణ్ణండి, ఈ అమ్మాయెవరో నాకు తెలియదు, విమానం తీస్తుంటే మధ్యలో పడింది" అన్నాను. క్రిస్మస్ నాటకాల్లో ఎన్ని వేషాలు వేసినా ఒక్క ముక్క తడబడకుండా చెప్పింది ఇదే మొదటిసారి. మన ఇంటిపేరు ఈ చుట్టుపక్కల సగం మందికి ఉండబట్టి ఆధార్ కార్డు చూసినా ఎవరికీ అనుమానం రాలేదు. సంతకం పెట్టించుకుని, కెమెరా ఉంచేసుకుని, నన్ను పొమ్మన్నారు.

తప్పు నాదే. ఫోటోలు తీయరాదని గోడ మీద మూడు భాషల్లో రాసి ఉంది. నాకు మూడూ చదవడం వచ్చు. నన్ను పట్టుకున్న ఆ హిందీ సెక్యూరిటీ కుర్రాడి మీద కోపం లేదు. ఎయిర్‌పోర్టులన్నిటికీ అలర్ట్ ఇచ్చిన రోజుల్లో రన్‌వే చివర పొలాల్లో పొడుగు లెన్సు పట్టుకుని నిలబడ్డవాణ్ణి చూసి దండం పెట్టి పోతాడా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

అడుసంటే గుర్తొచ్చింది. గట్టు మీద జారి మోకాళ్ళ దాకా బురద, ఒక చెప్పు తెగిపోయి చేతిలో ఉంది. అంతమంది ఆఫీసర్ల ముందు అలాంటి మనిషిని మా బాబాయి అని చెప్పుకోవడం ఎవరికైనా సిగ్గే. అది నేను మనసులో పెట్టుకోలేదు.

ఫోటో సంగతి వదినకు చెప్పకు. మీ అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు.

పైన ఇప్పుడే హైదరాబాదు నుంచి ఏటీఆర్ విమానం పోయింది. చప్పుడును బట్టి చెబుతున్నాను, డాబా ఎక్కలేదు. ఒళ్ళు జాగ్రత్త.

నీ బాబాయి,
కృపారావు

*

జగ్గయ్యపేట,
22 నవంబరు.

బాబాయికి సూసన్ వందనాలు.

ఉత్తరం అమ్మ చేతిలో పడకుండా వీధి చివరే పోస్టుమాన్ దగ్గర తీసుకున్నాను. రావద్దన్నారు. అర్థమైంది. నా ముఖం చూడాలని మీకెందుకు ఉంటుంది?

మీ బురదా, మీ చెప్పూ నేను చూడనే లేదు. మీరు అలా అనుకున్నారని చదివాక ఇంకా సిగ్గేసింది. అసలు ఆ ఫోటో అడిగింది నేను. యూనిఫాం వేసుకుని విమానం మెట్ల దగ్గర నిలబడ్డ ఫోటో ఫ్రేమ్ కట్టించి క్రిస్మస్‌కి అమ్మకిద్దాం బాబాయ్, లోపల మమ్మల్ని ఫోన్ బయటికి తీయనివ్వరు, మీ కెమెరాతో గోడ బయటి నుంచి తీయండి అని వెంటపడింది నేను. ఏ ఫ్లైట్‌కి మెట్ల దగ్గర నా డ్యూటీయో, విమానం ఎక్కడ ఆగుతుందో కూడా నేనే చెప్పాను. డ్యూటీ వివరాలు ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదని ట్రైనింగ్ మొదటిరోజే చెప్పారు మాకు. "తెలుసు సార్, మా బాబాయి" అంటే, "నువ్వక్కడ ఉంటావని ఆయనకెలా తెలుసు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వాళ్ళు అడగకముందే నాకు వినబడింది. నోరు దానంతటదే తెలీదనేసింది.

అన్నాక మీ వైపు చూశాను. చిన్నప్పుడు ఎక్కం తప్పు లేకుండా అప్పజెబితే తల ఊపేవారు, అలా ఊపారు. అది గుర్తొస్తే అన్నం దిగడం లేదు బాబాయ్.

నాన్న పోయి, ముక్త్యాల ఫ్యాక్టరీ క్వార్టరు ఖాళీ చేసి వచ్చేశాక నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదట. అప్పుడు మీరు నన్ను స్కూటర్ మీద గన్నవరం తీసికెళ్ళి దిగే విమానాలు చూపించారు. తోక దగ్గర వీటీ అని ఉంది చూడు, మన దేశం విమానాలన్నిటికీ అదే ఇంటిపేరు అన్నారు. మీ పిచ్చి అంటుకునే నేనీ ఎయిర్‌పోర్టు ఉద్యోగంలో చేరాను. పేతురు కథ కూడా సండే స్కూల్లో మీరే చెప్పారు. యేసుని పట్టుకెళ్ళాక, ఆయన ఎవరో నాకు తెలియదని పేతురు అన్నప్పుడు నేను లేచి, "వీడు మంచోడు కాదు" అన్నానని ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్విస్తారు. ఇక చెప్పకండి.

జ్వరమని సెలవు పెట్టి వచ్చేశాను. వచ్చే నెల ఎనిమిదిన చేరాలి. ఇంకా ప్రొబేషన్ అవలేదు. నిజంగా జ్వరమే అనుకుని అమ్మ మిరియాల కషాయం ఇస్తోంది. తాగుతున్నాను.

కోపం తగ్గాక రాయండి.

సూసన్

*

నందిగామ,
26 నవంబరు.

తిక్కపిల్లకు,

కోపమని ఎవరు చెప్పారు నీకు? మనిద్దర్నీ ఒకచోట ఎవరైనా చూస్తారని రావద్దన్నాను. లెక్కల మాష్టారి ఉత్తరం ఇలాగే ఉంటుంది, జవాబు వేసి దారి చూపించడు. తెలుగు మాష్టారైతే విడమరిచి రాసేవాడు.

నీకు చెప్పకూడదనుకున్నాను. ఎలాగూ ఆ నోటా ఈ నోటా తెలుస్తుంది కాబట్టి నేనే చెబుతున్నాను. నేను చెప్పిన వివరాలు నిజమో కాదో కనుక్కోవడానికి పోలీసులు మా స్కూలుకు ఫోన్ చేశారు. అక్కడితో ఊరుకోలేదు. ఎయిర్‌పోర్టులో పనిచేసే ఆడపిల్లను దొంగచాటుగా ఫోటోలు తీస్తూ దొరికాడు, ఆ పిల్లేమో ఇతనెవరో తెలియదంది అని కూడా చెప్పారు. వాళ్ళ తప్పు కాదు, మనం చెప్పిందే వాళ్ళు చెప్పారు. గూఢచారి అంటారేమోనని భయపడ్డాను గాని, మనం ఆడిన నాటకానికి ఇలాంటి అర్థం ఒకటుందని నాకు తట్టనే లేదు.

హెడ్మాస్టరు రాధాకృష్ణమూర్తి గారు తలుపు దగ్గరికి వేసి, నా ముఖం చూడకుండా చెప్పారు. "మాష్టారూ, మీ మీద నాకు నమ్మకం ఉందండి. కానీ పేరెంట్స్ వచ్చి అడుగుతున్నారు. కొన్నాళ్ళు ఆడపిల్లల సెక్షను వదిలెయ్యండి."

సరేనండి అన్నాను. ఇంకేమంటాను?

నిన్న వరండాలో పదో తరగతి పిల్ల ఒకతె ఎదురొచ్చింది. నా దగ్గరే లెక్కలు నేర్చుకుని, తప్పు చేస్తే మొట్టికాయ తిని, నవ్వుతూ పోయే పిల్ల. నన్ను చూసి చున్నీ సర్దుకుని గోడవారకి తప్పుకుంది. నాకు సిగ్గుతో ఒళ్ళంతా మండింది. స్టాఫ్ రూములోకి పోయి కూర్చుని, దిద్దిన పేపర్లే మళ్ళీ దిద్దాను. మీ పిన్ని బతికుంటే ఈ మాట నా మీద ఇంత తేలిగ్గా అతుక్కునేది కాదేమో. ఒంటి మగవాడు, పైగా చేతిలో కెమెరా.

ఇదంతా రాసింది నువ్వు ఏదో చేస్తావని కాదు. చేశావంటే ఊరుకోను. లోకం నాలుగు రోజులు మాట్లాడి మరొకరి మీద పడుతుంది. ప్రొబేషన్ అయ్యేదాకా నోరు మూసుకో. కషాయం మాత్రం తాగు, వదిన కషాయం పాపానికి కూడా పనిచేస్తుందని మీ నాన్న అనేవాడు.

బాబాయి

*

జగ్గయ్యపేట,
30 నవంబరు, ఆదివారం.

బాబాయ్,

పొద్దున చర్చిలో జరిగింది మీకు వేరేవాళ్ళు చెప్పకముందే రాస్తున్నాను.

మీ స్కూలుకి ఇక్కడి నుంచి బస్సులో వచ్చే ఫ్లోరెన్స్ టీచర్ నిన్న అమ్మకి చెప్పేసింది. అమ్మ నాతో ఒక్క మాట అనలేదు. పొద్దున పాటలయ్యాక, జయరాజ్ పాస్టరు గారు ప్రార్థన విన్నపాలు ఉన్నవాళ్ళు చెప్పండి అన్నారు. ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు, ఒకరు కొడుకు పరీక్షలన్నారు. అమ్మ లేచింది.

"నా మరిది కృపారావు కోసం ప్రార్థన చేయండి. ఎయిర్‌పోర్టు దగ్గర ఎవరో ఆడపిల్ల ఫోటోలు తీస్తా దొరికాడంట. అతని చూపు మార్చమని దేవుణ్ణి అడగండి. తండ్రి లేని పిల్లుంది మా ఇంట్లో."

ఎగతాళికి కాదు బాబాయ్. ఏడుస్తూ చెప్పింది. జబ్బు చేస్తే ఎలా చెబుతుందో అలాగే చెప్పింది. దాచుకోవడం ఆమెకి తెలీదు, దేవుడికి చెప్పాలంటే అందరి ముందూ చెప్పాలనే ఆమెకి తెలుసు. పాస్టరు గారు మీ పేరెత్తి చాలాసేపు ప్రార్థన చేశారు. "ప్రభువా, నీ కుమారుడైన కృపారావు కన్నులను కడుగుము" అన్నారు. ముసుగేసుకున్న తలలన్నీ వంగాయి. చివర అందరూ ఆమెన్ అన్నారు.

నేనూ అన్నాను బాబాయ్. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. ఆ గదిలో అన్న మాట భయంతో అన్నాను. దీనికి అది కూడా లేదు.

ఇంటికొచ్చాక చెప్పేద్దామని వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ నా తల మీద చెయ్యేసి, "ఇక మీ బాబాయింటికి నువ్వు ఎల్లమాక. ఆ పిల్లెవరోగానీ ఎంత సిగ్గుపడి ఉంటదో పాపం" అంది. ఆ చెయ్యి తల మీద ఉండగా చెప్పలేకపోయాను. ఉల్లిపాయలు తరుగుతానని కత్తిపీట ముందు కూర్చున్నాను.

నాకేం చెయ్యాలో చెప్పండి.

సూసన్

*

నందిగామ,
4 డిసెంబరు.

సూసన్‌కు,

వదిన ప్రార్థన వెంటనే ఫలించింది. మంగళవారం కళ్ళజోడు కిందపడి పగిలింది, చూపు మారింది.

ఇంకా రెండు మూడు హాస్యాలు రాద్దామనుకున్నాను గాని చేత కావడం లేదు. ఇక్కడి చర్చివాళ్ళు ఈసారి క్రిస్మస్ నాటకం వేరేవాళ్ళు చేయిస్తారన్నారు. గొర్రెల కాపరుల తలపాగాలు మా ఇంట్లోనే ఉన్నాయి, ఎవరో వచ్చి గుమ్మంలోనే నిలబడి పట్టుకుపోయారు. మంచినీళ్ళు తాగుతావా అంటే వద్దన్నారు.

నిజం చెప్పనా? మొదట్లో నాకు లోపల గొప్పగా ఉండేది. పిల్లను కాపాడుకున్నాను, ఎవరేమనుకుంటే నాకేం అని. ఆ గొప్ప ఇప్పుడు లేదు. పాలపాకెట్టుకు జనం లేవకముందే పోయి వస్తున్నాను. రోడ్డు మీద ఆడపిల్లలు వస్తుంటే కిరాణా కొట్టు బోర్డు చదువుతూ నిలబడుతున్నాను. చేయని తప్పుకు కూడా మనిషి చేసినవాడిలాగే నడుస్తాడని ఇప్పుడు తెలిసింది. పైన విమానం పోయినా తలెత్తడం లేదు. ఎవరైనా చూసి, అదిగో మళ్ళీ మొదలెట్టాడంటారని.

వదిన మీద కోపం వచ్చింది. ఒకసారి నన్నడిగి ఉండకూడదా? ఆదివారం ఆదివారం నాకు కూర పంపిన మనిషి, ఒక్కసారి అడగకూడదా? తర్వాత, ఆమె అడిగినా నేను చెప్పేవాణ్ణి కాదు కదా అని తోచింది. తిలాపాపం తలా పిడికెడు.

ఏం చెయ్యాలని అడిగావు. ఎనిమిదో తారీఖున పోయి డ్యూటీలో చేరు. పోయిన పేరు ఎలాగూ పోయింది, దానితో పాటు నీ ఉద్యోగం కూడా పోతే ఇద్దరం కలిసి మునిగినట్టు. ఈ ఉత్తరాలు చించెయ్. ఇక నాకు రాయకు.

కృపారావు

*

జగ్గయ్యపేట,
14 డిసెంబరు, ఆదివారం.

బాబాయ్,

రాయవద్దన్నారు. కింద బాబాయి అని కూడా పెట్టలేదు, పేరొక్కటే పెట్టారు. అయినా రాస్తున్నాను.

ఎనిమిదిన వెళ్ళాను. యూనిఫాం వేసుకోకుండా ముందు మా సూపర్‌వైజర్ భవానీప్రసాద్ గారి దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు.

"ఎవరూ అడగలేదు కదమ్మా. ఇప్పుడెందుకు చెప్తున్నావ్?" అన్నారు.

"మా బాబాయిని ఊళ్ళో వేరేలా అనుకుంటున్నారండి" అన్నాను.

"చూడమ్మా, అబద్ధం చిన్నదే కావచ్చు. కానీ మెట్ల దగ్గర ఎవర్ని ఎక్కనివ్వాలో ఎవర్ని ఆపాలో నీ మాట మీద వదిలేస్తాం మేము. పైగా డ్యూటీ ఎక్కడో బయట చెప్పావు. వినింది మీ బాబాయి కాబట్టి సరిపోయింది" అన్నారు. కోపంగా అని ఉంటే బాగుండేది. మెల్లిగా అన్నారు. మెడలో పాసు తీసి బల్ల మీద పెట్టమన్నారు. పెట్టాను.

ఆయనే నన్ను వెంటబెట్టుకుని పోలీసుల దగ్గరికి తీసికెళ్ళి జరిగిందంతా రాయించారు. వాళ్ళూ తిట్టారు, తిట్టాక మీ హెడ్మాస్టరు గారికి ఫోన్ చేశారు. మీ కెమెరా ఇస్తారట గాని అందులో ఫోటోలన్నీ చెరిపేశారట.

హాస్టల్ ఖాళీ చేసి పెట్టెతో వచ్చాను. సెలవులని అమ్మతో చెప్పి, ఆదివారం దాకా ఆగాను. అందరిలో మొదలైంది అందరిలోనే పోవాలనిపించింది. పొద్దున సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేచాను. "పోయిన నెల మీరందరూ మా బాబాయి కోసం ప్రార్థన చేశారు. ఆ ఫోటోల్లో ఉన్న అమ్మాయిని నేనే. ఫోటో తీయమంది నేనే. ఆయనెవరో తెలీదని చెప్పింది కూడా నేనే" అని కూర్చున్నాను.

మామూలుగా సాక్ష్యం అయితే హల్లెలూయా అంటారు కదా. ఎవరూ ఏమీ అనలేదు. ఫ్లోరెన్స్ టీచర్ బైబిలులో ఏదో వెతుకుతూ పేజీలు తిప్పుతూ ఉండిపోయింది. అమ్మ లేచి, బైబిలు బెంచీ మీదే వదిలేసి బయటికి వెళ్ళిపోయింది.

ఇంటికొస్తే అన్నం పెట్టింది. మాట్లాడలేదు. నా మీద కోపమో ఏమిటో తెలియదు. గోడకి ఫ్రేమ్ కోసమని నేను ముందే కొట్టిపెట్టిన మేకు ఉంది, దాని వంక చూస్తూ కూర్చుంది.

ఉద్యోగం పోయినందుకు ఏడుపొస్తోంది. చెప్పినందుకు మాత్రం రావడం లేదు.

మీరు నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

మీ సూసన్

*

నందిగామ,
18 డిసెంబరు.

అమ్మా సూసన్‌కు,

నిన్ను తిట్టాలని కాగితం తీశాను. ఉద్యోగం వదులుకున్నావు, నేను వద్దన్న పని చేశావు. తిట్లు రాయబోతే చెయ్యి రాలేదు. పేరొక్కటే పెట్టింది కోపంతో కాదు, ఆ రోజు నన్ను నేను ఎవరికీ బాబాయినని అనుకోలేకపోయాను.

హెడ్మాస్టరు గారు ఇంటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, రేపటి నుంచి ఆ సెక్షను మీదేనండి అన్నారు. వెళ్ళాను. పిల్లలు లేచి నిలబడ్డారు. ఆ చున్నీ పిల్ల తల దించుకుని ఉంది. ఆ పిల్ల తప్పేముంది? దగ్గరికి పోయి, నువ్వు చేసింది సరైన పనేనమ్మా, ఎవరి మీద అనుమానం వచ్చినా అలాగే తప్పుకో అన్నాను. తర్వాత లెక్క మొదలుపెట్టాను. నా పేరు నాకు తిరిగొచ్చింది గాని, దానికి నీ ఉద్యోగం పోయింది. ఆ సిగ్గు నాకు ఉంటుంది, దాన్ని తీసెయ్యాలని చూడకు.

అసలు సంగతి రాయాలి. నిన్న సాయంత్రం వదిన వచ్చింది.

గేటు దగ్గర కారియరు పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి రా వదినా అంటే రాలేదు. మెట్టు మీదే కూర్చుంది. నేనూ కాస్త ఎడంగా కూర్చున్నాను. చివరికి, "కోడికూర తెచ్చా. చల్లారిపోద్ది" అంది.

"తింటాలే వదినా" అన్నా.

అప్పుడు పైన ఏటీఆర్ వచ్చింది. నీకు తెలుసు కదా, ఇన్నేళ్ళలో ఎప్పుడు విమానం పేరెత్తినా పనీపాటా లేని పిచ్చి అనే మనిషి. నిన్న కొంగుతో కళ్ళు తుడుచుకుని తలెత్తి, అది చెట్ల వెనక్కి పోయేదాకా చూసింది.

"ఆ ఫోటో, ఇట్టాంటి దాని పక్కనేనా?" అంది.

"ఇదే రకం వదినా."

"ఉందా నీ కాడ?"

"చెరిపేశారు."

కారియరు పక్కన పెట్టింది. "ఎట్టా ఉంది అందులో?" అంది.

చెప్పాను. పసుప్పచ్చ జాకెట్టు వేసుకుంది, గాలికి జుట్టు చెదరకుండా బిగించి కట్టుకుంది, మెట్ల మొదట్లో నిలబడి ఒక ముసలాయన టికెట్టు చేతిలోకి తీసుకుని చదువుతోంది, ఆయన చెయ్యి ఆమె భుజం మీద ఆనించుకుని ఉన్నాడు, ఆమె వద్దనలేదు అని. వదిన కళ్ళు మూసుకుని వింది.

"నవ్వతందా?"

"లేదు వదినా. డ్యూటీలో ఉంది."

అప్పుడు ఏడ్చింది. నా చెయ్యి పట్టుకుని, మీ నాన్న పోయిన రోజు ఏడ్చినట్టు ఏడ్చింది. నన్ను క్షమించమని నోటితో అనలేదు. నేనూ అననివ్వలేదు.

నీ మీద కోపం లేదట. నీ ముఖం చూడాలంటే సిగ్గేసి మాట్లాడలేదట. మన ఇంట్లో అందరికీ అదే జబ్బు.

రేపు కెమెరా తెచ్చుకుంటున్నాను. మా డాబా మీద వెలుతురు బాగుంటుంది. ఆ జాకెట్టు తిరిగిచ్చేసి ఉంటావు, మామూలు చీరలోనే రా, వదిన్ని కూడా తీసుకురా. ఉత్తరం రాయకు. బస్సెక్కు.

నీ బాబాయి